చేదు మేత, తగ్గిన బరువు: ఎలుకల సాక్ష్యంపై ఒక విమర్శ

ఆరు రుచులలో చేదుకు ఉన్న స్థానం విచిత్రమైనది. పసిబిడ్డ నాలుకకు చేదు తగిలితే ముఖం ముడుచుకొని ఉమ్మివేస్తుంది. ఆ బిడ్డే పెద్దవాడై ఉగాదినాడు వేపపువ్వు కలిసిన పచ్చడిని కోరి తింటాడు. కాకరకాయ వేపుడు రెండవసారి వడ్డించుకుంటాడు. నోటికి హితం కానిది ఒంటికి హితం చేస్తుందన్న నమ్మకం ప్రజలలో బలంగా నాటుకొని ఉన్నది. ఈ నమ్మకానికి ఇటీవలి కాలంలో ఒక కొత్త సాక్షి దొరికినది. ఆ సాక్షి ప్రయోగశాలలోని ఎలుక.

హైదరాబాదులో మాదాపూరు, గచ్చిబౌలి, హైటెక్ సిటీ ప్రాంతాలలో ఉదయం నడకకు వచ్చేవారి కొరకు కాకర రసం, సొరకాయ రసం, వేపాకు రసం అమ్ముతారు. ఈ రసాలకు గిరాకీ ఉండటానికి కారణం లేకపోలేదు. హైదరాబాదు విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఒక ప్రసిద్ధ జీర్ణకోశ వ్యాధుల ఆసుపత్రి వైద్యులు కలిసి నగరంలోని 345 మంది ఐ.టి. ఉద్యోగులను పరీక్షించి, ఆ ఫలితాలను 2025లో ప్రకటించినారు. వారిలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు చేరి ఉన్నది. 71 శాతం మందికి స్థూలకాయం ఉన్నది. గంటల తరబడి కుర్చీలో కూర్చొని చేసే పని, వేళ తప్పిన భోజనం, కొరవడిన నిద్ర కలిసి తెచ్చిన స్థితి ఇది. ఇటువంటి స్థితిలో ఉన్న మనిషికి ఒక గ్లాసు చేదు రసం సులభమైన దారిగా కనిపించడం సహజమే.

“చేదు ఆకలిని అణచివేస్తుంది, కొవ్వును కరిగిస్తుంది, ఇది ఎలుకలలో రుజువైనది” అన్న మాట ప్రకటనలలోను, ఫోనులలో తిరిగే సందేశాలలోను తరచుగా వినిపిస్తున్నది. ఇందులోని మొదటి రెండు మాటల బలమంతా చివరి మాటపై ఆధారపడి ఉన్నది. ఎలుకలలో రుజువైనది ఏమిటి? చేదు తిన్న ఎలుక బరువు తగ్గినదన్న వార్త నిజమే కావచ్చు. కాని అది ఎందువల్ల తగ్గినదన్న ప్రశ్నకు ఒకటి కాదు, కనీసం మూడు సమాధానాలు ఉన్నవి. ఆ మూడింటిని వేరు చేయని ప్రయోగం నుండి ఏ ఉపదేశమూ తీయరాదు.

చేదు ఎందుకు ఉన్నది?

తీపి నాలుకకు శక్తినిచ్చే ఆహారపు జాడ తెలుపుతుంది. చేదు చేసే పని వేరు. అది కావలివాని కేక వంటిది. మొక్కలు కదలలేవు. తమను మేసే పురుగుల నుండి, పశువుల నుండి కాపాడుకొనడానికి అవి అనేక రసాయనాలను తయారు చేసుకుంటాయి. సింకోనా బెరడులోని క్వినైన్, ముషిణి గింజలలోని స్ట్రిక్నిన్, వేపలోని అజాడిరాక్టిన్, దోస జాతిలోని కుకుర్బిటాసిన్‌లు ఈ కోవకు చెందినవి. వీటిని తినకముందే గుర్తించగల జంతువు బ్రతికి పిల్లలను కంటుంది. అందుచేత చేదును పసిగట్టే శక్తి జంతువులలో స్థిరపడినది.

ఈ పసిగట్టే పని చేసే గ్రాహకాల కుటుంబం 2000 సంవత్సరంలో బయటపడినది. నాలుకపై రుచి మొగ్గలలోని కొన్ని కణాల పొరలో ఈ ప్రోటీనులు ఉంటాయి. తీపిని గుర్తించడానికి మనిషికి ముఖ్యంగా ఒకే గ్రాహకపు జత ఉండగా, చేదుకు సుమారు 25 రకాల గ్రాహకాలు ఉన్నవి. చుంచెలుకలలో వాటి సంఖ్య 30కి పైబడినది. ప్రకృతిలో విషాలు ఒక్క ఆకారంలో ఉండవు. కనుక కావలివాండ్రు కూడా పలువురు కావలసి వచ్చినారు.

ఇక్కడనే ఒక విషయం గుర్తుంచుకోవలెను. “చేదు” అనేది నాలుక పెట్టిన పేరు మాత్రమే. అది రసాయన వర్గం కాదు. క్వినైన్‌కు, కాకరలోని ట్రైటెర్పీన్‌లకు అణు నిర్మాణంలో దగ్గరి చుట్టరికం లేదు. ఎర్రగా ఉన్న వస్తువులన్నీ ఒకే పదార్థంతో చేసినవి కానట్లే, చేదుగా ఉన్నవన్నీ శరీరంలో ఒకే పని చేస్తాయని అనుకొనరాదు.

మొదటి సమాధానం: ఎలుక తినలేదు

ప్రయోగశాలలో చేదు పదార్థాన్ని ఇచ్చే సులభమైన పద్ధతి దానిని మేతలో కలపడమే. పొడి మేతలో కొంచెం క్వినైన్ కలిపితే ఎలుక వాసన చూసి, రుచి చూసి, వెనుకకు జరుగుతుంది. ఆకలి వేసినప్పుడు మరల వచ్చి కొంత తింటుంది. మొత్తం మీద తిన్నది తగ్గుతుంది, బరువు తగ్గుతుంది. ఇక్కడ కొవ్వును కరిగించిన మందు ఏదీ లేదు. ఎలుక పస్తు ఉన్నది, అంతే. అన్నంలో ఇసుక కలిపి పెట్టినా మనిషి బరువు తగ్గుతాడు. ఇసుకను స్థూలకాయానికి మందు అని ఎవరూ అనరు.

ఈ రంగంలో 1950 సంవత్సరం నాటి ఒక ప్రయోగం నేటికీ చదవదగినది. మెదడులో హైపోథలామస్ అనే భాగాన్ని ఒకచోట గాయపరిస్తే ఎలుకలు విపరీతంగా తిని లావెక్కుతాయని అప్పటికే తెలుసు. నీల్ మిల్లర్, ఆయన సహచరులు అటువంటి ఎలుకలను తీసుకొని, వాటికి నిజంగానే ఆకలి ఎక్కువా అని ప్రశ్నించినారు. మేత తేలికగా అందితే అవి మామూలు ఎలుకలకంటె ఎక్కువ తిన్నవి. కాని మేత కొరకు మీట నొక్కవలసి వచ్చినప్పుడు, మేత మీది మూత బరువు పెంచినప్పుడు, మేతలో క్వినైన్ కలిపినప్పుడు మామూలు ఎలుకలకంటె ముందుగా అవే వెనుకకు తగ్గినవి. 1955లో ఫిలిప్ టైటెల్‌బామ్ ఇదే విషయాన్ని రుచి వైపు నుండి పరిశీలించి, ఆ లావు ఎలుకలు చేదు మేతను మామూలు ఎలుకలకంటె గట్టిగా నిరాకరిస్తున్నవని చూపినారు.

ఈ ప్రయోగం నేర్పే పాఠం రెండు విధాలైనది. తినే పరిమాణం, ఆకలి ఒకటి కావు అన్నది ఒకటి. ఒకే చేదు, ఒకే మోతాదులో, ఇద్దరు వేర్వేరు శరీరస్థితులు గల జంతువులపై వేర్వేరుగా పనిచేస్తుందన్నది రెండవది. కనుక “ఎలుకలలో” అని బహువచనంలో చెప్పే మాటకు ముందు “ఏ ఎలుకలలో?” అని అడగవలెను.

ఇంకొక చిన్న చిక్కు కూడా ఉన్నది. ఎలుక తనకు నచ్చని మేతను కాళ్ళతో తవ్వి పంజరం అడుగున చల్లుతుంది. గిన్నెలో తగ్గిన మేతనంతా అది తిన్నట్లు లెక్క వేస్తే, “తిండి తగ్గలేదు, అయినా బరువు తగ్గినది” అన్న అద్భుతం కాగితం మీద పుట్టుకొస్తుంది. కింద పడిన మేతను ఏరి తూచినారా లేదా అన్నది ఏ నివేదికలోనైనా మొదట వెదకవలసిన వాక్యం.

రెండవ సమాధానం: ఎలుకకు జబ్బు చేసినది

ఎలుకలు వాంతి చేసుకొనలేవు. ఒకసారి మింగిన విషాన్ని బయటకు నెట్టే మార్గం వాటికి లేదు. అందుచేత కొత్త మేతను అవి కొంచెం కొంచెంగా రుచి చూస్తాయి. తరువాత ఒంట్లో తేడా కనిపిస్తే ఆ రుచిని మరల దరి చేరనీయవు. 1955లో జాన్ గార్సియా, ఆయన సహచరులు ఎలుకలకు శాకరిన్ కలిపిన తీపి నీరు ఇచ్చి, అదే సమయంలో గామా కిరణాలకు గురిచేసినారు. తరువాత ఆ ఎలుకలు తీపి నీటిని కూడా మానివేసినవి. జబ్బు జ్ఞాపకం ఎంత ఇష్టమైన రుచినైనా అసహ్యంగా మార్చగలదని దీనివల్ల తేలినది. పుట్టుకతోనే అయిష్టమైన చేదుకు ఇటువంటి జ్ఞాపకం తోడైతే ఎలుక తినడం మానుకొనడంలో వింత లేదు.

చేదుకు, విషానికి ఉన్న సంబంధాన్ని తెలిపే గట్టి ఉదాహరణ ఒకటి ఉన్నది. పాఠశాలలలో వంశపారంపర్యాన్ని బోధించేటప్పుడు ఫినైల్ థయోకార్బమైడ్ అనే పదార్థం గురించి చెబుతారు. ఇది కొందరికి ఘోరమైన చేదు, మరికొందరికి రుచే లేదు. ఈ తేడాను 1931లో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ప్రకటించినాడు. బాల్టిమోర్‌లో కర్ట్ రిక్టర్ అనే శాస్త్రజ్ఞుడు ఎలుకలకు ఈ రుచి తెలుస్తుందా అని చూడదలచి, దానిని చిటికెడు వాటి నాలుకలపై ఉంచినాడు. మరునాటికి ఆ ఎలుకలు చనిపోయినవి. తరువాత ఆయన, సహచరులు చిన్న మోతాదులతో చాలా రోజులు పరీక్షించగా, థైరాయిడ్ గ్రంథి ఉబ్బడం వంటి మార్పులు కనిపించినవి. రుచి పరీక్షగా మొదలైన ఈ పని రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఒక ఎలుకల మందు తయారీకి దారి తీసినది.

కావున చేదు పదార్థం ఇచ్చిన జంతువు తక్కువ తింటే, అది కడుపు నిండిన తృప్తితో మానినదా, వికారంతో మానినదా అని తెలుసుకొనవలెను. ఎలుక చెప్పలేదు కదా అని వదలివేయ పనిలేదు. ఒంట్లో బాగుండని ఎలుక ఆహారం కాని వస్తువును, ముఖ్యంగా కేయోలిన్ అనే తెల్ల మట్టిని తింటుంది. పంజరంలో మేతతో పాటు ఈ మట్టిని కూడా ఉంచి, ఎంత తిన్నదో తూచితే వికారానికి ఒక కొలత దొరుకుతుంది. ఈ కొలత లేని ప్రయోగంలో “తృప్తి” అన్న మాట ఊహ మాత్రమే.

మూడవ సమాధానం: పేగులలోని కావలి

పై రెండు సమాధానాలతో కథ ముగిసి ఉంటే చేదు రసం మాటను కొట్టివేసి ఊరుకొనవచ్చును. కాని గడచిన పాతిక సంవత్సరాల పరిశోధన అంత తేలికైన తీర్పుకు అవకాశం ఇవ్వదు. 2002లో చేదు గ్రాహకాలు నాలుకపైనే గాక జఠరంలోను, పేగులలోను కూడా ఉన్నవని వెల్లడి అయినది. అక్కడ అవి రుచి చెప్పవు. హార్మోనులను విడుదల చేసే కణాలతో పనిచేస్తాయి.

దీనిని పరీక్షించాలంటే నాలుకను తప్పించవలెను. బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో ప్రకటించిన ప్రయోగంలో చేదు పదార్థాల మిశ్రమాన్ని గొట్టం ద్వారా చుంచెలుకల కడుపులోకి నేరుగా పంపినారు. నోటికి చేదు తెలియలేదు. ఫలితం ఆసక్తికరమైనది. ఆకలిని పెంచే గ్రెలిన్ అనే హార్మోను పెరిగి, మొదటి అరగంటలో చుంచెలుకలు ఎక్కువ తిన్నవి. తరువాతి గంటలలో తక్కువ తిన్నవి. జఠరం నుండి ఆహారం పేగులలోకి దిగడం ఆలస్యమైనది. ఒకే పదార్థం మొదట ఆకలిని పెంచి పిదప తగ్గించినదన్న మాట. ఈ ప్రయోగాన్ని అరగంటకే ఆపివేసిన వారు “చేదు ఆకలిని పెంచును” అని వ్రాసి ఉండేవారు. మొదటి అరగంటను చూడనివారు “చేదు ఆకలిని తగ్గించును” అని వ్రాసి ఉండేవారు. ఇద్దరూ సగమే చెప్పినవారవుతారు.

2013లో స్విట్జర్లాండులోని లోజాన్ పరిశోధకులు ఇంకొక అడుగు వేసినారు. మగ చుంచెలుకలలో క్వినైన్ తిండిని తగ్గించకుండానే బరువు పెరుగుదలను తగ్గించినదని వారు ప్రకటించినారు. అంతకుముందు 2003లో హాంకాంగ్ పరిశోధకులు కొవ్వు అధికంగా ఉన్న మేత తినే ఎలుకలకు ఎండబెట్టిన కాకర రసపు పొడి ఇచ్చి చూసినారు. తిన్న శక్తితో పోల్చి చూస్తే ఆ ఎలుకలకు పెరిగిన బరువు తక్కువ. పొట్టలోని కొవ్వు తక్కువ. రక్తంలో ఇన్సులిన్ తక్కువ. కాకర విషయంలో ప్రజల నమ్మకానికి కొంత ఆధారం ఉన్నదని ఇక్కడ ఒప్పుకొనక తప్పదు.

అయితే ఈ ఆధారం ఎంతవరకు? లోజాన్ ప్రయోగం ఒకే జాతి మగ చుంచెలుకలపై జరిగినది. హాంకాంగ్ ఎలుకలకు ఇచ్చినది కొవ్వు మేత. అందులో కనిపించిన మార్పు కాకరలోని చేదువల్ల వచ్చినదా, చేదుతో సంబంధం లేని మరొక అంశం వల్ల వచ్చినదా అన్నది ఆ ఫలితాలతోనే తేలదు. “కాకర పనిచేసినది” అనడం ఒక మాట. “చేదు పనిచేసినది” అనడం వేరొక మాట. మొదటి దానికి సాక్ష్యం ఉన్నచోట రెండవ దానిని చెప్పడం తర్కదోషం.

జంట మేత పద్ధతి

మూడు సమాధానాలను వేరుచేసే ఉపాయం పోషకాహార శాస్త్రంలో చాలాకాలంగా ఉన్నది. దానిని జంట మేత పద్ధతి అనవచ్చును. ఉదాహరణకు ఎలుకలను మూడు బృందాలుగా చేద్దాము. మొదటి బృందానికి మామూలు మేత ఇష్టం వచ్చినంత పెడతారు. అవి రోజుకు తలకు 20 గ్రాములు తిన్నవని అనుకుందాము. రెండవ బృందానికి చేదు కలిపిన మేత ఇష్టం వచ్చినంత పెడతారు. అవి 15 గ్రాములు మాత్రమే తిన్నవి. మూడవ బృందానికి చేదు కలపని మామూలు మేతనే పెడతారు. కాని 15 గ్రాములకు మించి పెట్టరు.

నెల గడిచిన తరువాత రెండవ, మూడవ బృందాల బరువులు సమానంగా ఉంటే, చేదు చేసిన పని తిండిని తగ్గించడం ఒక్కటే. రెండవ బృందం బరువు మూడవదానికంటె తక్కువగా ఉంటేనే శరీరం లోపల మరేదో జరిగినదని అనుమానించవచ్చును. మొదటి రెండు బృందాలను మాత్రమే పోల్చి, మూడవది లేకుండా “కొవ్వు కరిగినది” అని ప్రకటించే వార్తను నమ్మరాదు. ఈ పద్ధతి అర్థం చేసుకొనడానికి తొమ్మిదవ తరగతి గణితం చాలును. దీనిని మరచిపోవడానికి మాత్రం పెద్ద చదువులు కూడా అడ్డురావడం లేదు.

మెంతులు చెప్పిన ఎదురు మాట

చేదు అంతా ఒకటే అన్న వాదానికి గట్టి ఎదురుదెబ్బ మన వంటింటి పోపుల పెట్టెలోనే ఉన్నది. మెంతుల మీద హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ చేసిన పని ప్రసిద్ధమైనది. అక్కడి ఆర్. డి. శర్మ, సహచరులు 1990లో ప్రకటించిన పరిశోధనలో మధుమేహ రోగులకు 10 రోజులపాటు రోజుకు 100 గ్రాముల మెంతిపొడిని, నూనె తీసివేసిన దానిని, రెండు భాగాలుగా ఆహారంలో ఇచ్చినారు. రక్తంలో చక్కెర తగ్గినది. మూత్రంలో పోయే చక్కెర సగానికి పైగా తగ్గినది. ఈ ఫలితం గొప్పది. కాని 100 గ్రాములు అన్న మాటను ప్రచారంలో ఎవరూ పలకరు. మెంతులలో నీటిని పీల్చి జిగురుగా మారే పీచు పదార్థం విస్తారంగా ఉన్నది. రాత్రి నానబెట్టిన చెంచాడు గింజలతో అంత పీచు అందదు.

ఆకలి మాట వేరు. ఫ్రాన్సులోని మాంట్‌పెలియర్ పరిశోధకులు 1993లోను, 1995లోను మెంతుల సారాన్ని, దాని నుండి వేరుచేసిన స్టిరాయిడ్ సాపోనిన్‌లను ఎలుకలకు ఇచ్చి చూసినారు. ఆ ఎలుకలు తక్కువ తినలేదు, ఎక్కువ తిన్నవి. అదే సమయంలో వాటి రక్తంలో కొలెస్టరాల్ తగ్గినది. ఒకే గింజ ఒకవైపు చక్కెరకు, కొలెస్టరాల్‌కు కళ్ళెం వేస్తూ మరొకవైపు ఆకలిని పెంచుతున్నది. బరువు తగ్గుదామని మెంతిసారం మింగేవారు ఈ సంగతి తెలుసుకొనవలెను.

ప్రాచీన వైద్యులకు ఈ రెండు ముఖాలు తెలియకపోలేదు. చరక సంహిత చేదును తనకు తాను రుచించనిదిగా చెబుతూనే, అరుచిని పోగొట్టి జఠరాగ్నిని రగిలించేదిగా చెబుతుంది. మేదస్సును ఎండించేదిగా కూడా చెబుతుంది. పాశ్చాత్య దేశాలలోను భోజనానికి ముందు చేదు పానీయం ఆకలి కొరకే తాగేవారు. నేటి ప్రకటనలు ఈ పరంపరలో మేదస్సు మాటను మాత్రం ఏరుకొని, ఆకలి మాటను దాచివేస్తున్నవి. దీనిని శాస్త్రమనీ అనరాదు, సంప్రదాయమనీ అనరాదు.

తార్నాక ఎలుకలు

ఎలుకకు మేత పెట్టి మనిషి ఆహారాన్ని గురించి తెలుసుకొనే పనికి తెలుగు దేశంలో గట్టి పునాది ఉన్నది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఒకే గదిలో ప్రారంభించిన చిన్న పరిశోధన విభాగం 1958లో హైదరాబాదుకు తరలి వచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అన్న పేరు పొందినది. వివిధ ప్రాంతాల భారతీయులు తినే భోజనాలను ఎలుకలకు పెట్టి, ఏ భోజనం ఎంత పెరుగుదలనిస్తుందో మెక్‌కారిసన్ కూనూరులో పోల్చి చూసినారు. ఆ రోజుల నుండి వచ్చిన విస్టార్ ఎలుకల సంతతిని ఆ సంస్థ నేటికీ కాపాడుతున్నది.

ఆ సంతతిలోనే 1990లలో ఒక వింత కనిపించినది. కొన్ని ఎలుకలు సుమారు 35 రోజుల వయస్సు నుండే లావెక్కసాగినవి. వాటిని వేరుచేసి పెంచి, ఎన్. వి. గిరిధరన్, సహచరులు 1996లో స్థూలకాయపు కొత్త ఎలుక జాతిగా లోకానికి పరిచయం చేసినారు. ఈ ఎలుకలు అతిగా తింటాయి, సంతానం కనలేవు, వాటి రక్తంలో ఇన్సులిన్, కొవ్వులు అధికంగా ఉంటాయి. కడుపు నిండినదని మెదడుకు చెప్పే లెప్టిన్ అనే హార్మోను కూడా వాటికి సమృద్ధిగా ఉన్నది. కాని మెదడు ఆ మాట వినడం లేదు. దోషం అయిదవ క్రోమోజోము మీద, లెప్టిన్ గ్రాహకపు జన్యువుకు దగ్గరలో ఉన్నదని తరువాతి పరిశోధనలు తెలిపినవి.

తార్నాక ఎలుక ఇక్కడ ఎందుకు ముఖ్యమంటే, లావు అనేది ఒకే దారిన రాదని అది కళ్ళకు కట్టినట్లు చూపుతుంది. జన్యు దోషంతో లావెక్కిన ఎలుక, మెదడు గాయంతో లావెక్కిన ఎలుక, కొవ్వు మేతతో లావెక్కిన ఎలుక చూపులకు ఒకటే. వాటి ఆకలి యంత్రాంగాలు వేరు. ఒకదానిలో పనిచేసిన చేదు మరొకదానిలో పనిచేయవలెనన్న నియమం లేదు. రాత్రి పొద్దుపోయి ఇంటికి చేరి, రోజంతా కుర్చీలో గడిపిన హైటెక్ సిటీ ఉద్యోగికి ఈ మూడింటిలో ఏ ఎలుకతో పోలిక ఎక్కువ? ఈ ప్రశ్న వేయకుండా ఎలుక ఫలితాన్ని గ్లాసులో పోసి అందించడం తొందరపాటు.

చేదును లక్ష్యపెట్టని ప్రమాదం

ఇంతవరకు చెప్పినది నిష్ఫలమైన నమ్మకం గురించి. హానికరమైన నమ్మకం కూడా ఒకటి ఉన్నది. సొరకాయ మామూలుగా చప్పగా ఉంటుంది. అప్పుడప్పుడు ఒక కాయ ఘోరమైన చేదుగా ఉంటుంది. ఆ చేదుకు కారణం కుకుర్బిటాసిన్‌లు. కూర వండేటప్పుడు గృహిణి ముక్క కొరికి చూసి చేదుకాయను పారవేస్తుంది. రసం తాగేవాడు మాత్రం “చేదు ఒంటికి మంచిది” అన్న మాటను నమ్మి కళ్ళు మూసుకొని మింగుతాడు. అటువంటి రసం తాగినవారికి వాంతులు, విరేచనాలు, రక్తపు వాంతులు, రక్తపోటు పడిపోవడం సంభవించినవి. మరణాలు కూడా సంభవించినవి. భారత వైద్య పరిశోధన మండలి నియమించిన నిపుణుల సంఘం ఈ ఉదంతాలను పరిశీలించి ఇచ్చిన నివేదిక 2012లో అచ్చయినది. రసం తీయకముందు చిన్న ముక్క రుచి చూడవలెననీ, చేదుగా ఉంటే పారవేయవలెననీ, సొర రసాన్ని ఇతర రసాలతో కలపరాదనీ ఆ సంఘం సూచించినది. కలిపితే కాకర చేదులో సొర చేదు దాగిపోతుంది. కావలివాని కేక వినిపించదు.

కాకరలోని చేదు పదార్థాలు కూడా రసాయనికంగా కుకుర్బిటాసిన్‌ల కుటుంబానికి చెందినవే. అయినా కాకరకూరను తరతరాలుగా తింటున్నారు. చేదు సొరకాయ మాత్రం ప్రాణం మీదకు తెస్తున్నది. ఒకే కుటుంబంలోనే ఇంత తేడా ఉన్నప్పుడు నాలుకకు తగిలిన చేదును బట్టి మేలునుగాని కీడునుగాని తూచడం ఎట్లు సాధ్యం? నాలుక ఎచ్చరిక ఇవ్వగలదు, వైద్యం చెప్పలేదు.

తరగతి గదిలో

ఈ విషయాన్ని బోధించే ఉపాధ్యాయునికి ఎలుకలు, పంజరాలు అవసరం లేదు. పత్రికలో వచ్చిన ఒక వార్తను నల్లబల్ల మీద వ్రాసి, విద్యార్థుల చేత అయిదు ప్రశ్నలు వేయించితే చాలును. చేదు పదార్థాన్ని నోటి ద్వారా ఇచ్చినారా, గొట్టంతో కడుపులోకి పంపినారా? జంతువు నిజంగా తిన్న మేతను, చల్లిన మేతను వేరుగా తూచినారా? అంతే మేత తిన్న జంట బృందం ఉన్నదా? జంతువుకు వికారం లేదని ఎట్లు తెలిసినది? శరీర బరువును బట్టి చూస్తే ఆ మోతాదు మనిషి తినగలిగినదేనా? ఈ ప్రశ్నలకు వార్తలో సమాధానం లేకపోతే, సమాధానం లేదన్నదే ఆ రోజు పాఠం.

చేదు గ్రాహకాల పరిశోధన వ్యర్థమని ఇందువల్ల అనుకొనరాదు. 2017లో లూవెన్ పరిశోధకులు డెనటోనియం బెంజోయేట్ అనే తీవ్రమైన చేదు పదార్థాన్ని ఆరోగ్యవంతులైన స్త్రీల కడుపులోకి గొట్టం ద్వారా పంపగా, వారు తమకు ఆకలి తగ్గినదని చెప్పినారు. ఎలుకల నుండి మనుష్యుల దాకా సాగిన ఈ దారి ఆశాజనకమైనది. కాని కొన్ని గంటల ఆకలి తగ్గడం వేరు, సంవత్సరాల తరబడి బరువు తగ్గి ఉండడం వేరు. ఈ రెండింటి నడుమ ఉన్న దూరాన్ని పరిశోధకులు ఎరుగుదురు. ప్రకటనలు వ్రాసేవారు ఎరుగనట్లు నటిస్తారు.

కాకరకాయ మంచి కూర. మెంతులు మంచి దినుసు. వాటిని కూరగా, దినుసుగా తిన్నవారికి నష్టం లేదు. 345 మందిలో 84 శాతం కాలేయాలలో చేరిన కొవ్వుకు కారణాలు కూర్చునే గంటలలోను, తినే వేళలలోను, తిన్న పరిమాణంలోను ఉన్నవి. వాటిని మార్చకుండా ఉదయం ఒక గ్లాసు చేదు మింగి, మిగిలిన రోజును మునుపటివలెనే గడిపే మనిషికి ప్రయోగశాల ఎలుక హామీ ఉండదు. అది ఇచ్చిన సాక్ష్యం ఎంతో, అంతే గ్రహించడం శాస్త్రదృష్టి.